వెనక అంచు

మేస్త్రి ఇప్పటిదాకా పంతొమ్మిది కార్లు చేశాడు. ఒక్కటీ నడపలేదు. నడపడం రాదు.

ఆయన చేసేవి మట్టి కార్లు. కొత్త కారును రేకులో చేయకముందు, ఉండబోయే సైజులోనే మట్టితో ఒకటి చేసి చూస్తారు. చెక్క చట్రం, దాని మీద థర్మోకోల్ లాంటి నురగ దిమ్మెలు, వాటి మీద అరచేతి మందాన మట్టి. నేల మట్టి కాదు, మైనమూ నూనే పొడీ కలిపినది. ఓవెన్లో వేడి చేస్తే పిండిలా మెత్తబడుతుంది, చల్లారితే సబ్బులా గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు అతకాలి, గట్టిపడ్డాక గీకాలి. గీకిన మట్టి మళ్ళీ ఓవెన్లోకి పోతుంది. ఆ షెడ్డులో మట్టి పారేయరు. ఇవాళ్టి కారు డోరులో పదేళ్ళ కిందటి కారు ముక్కు ఉండవచ్చు.

అక్కడికి రాకముందు ఆయన ఇళ్ళ పైకప్పులకు సున్నపు పూలు అతికేవాడు. ఇరవై రెండో ఏట మెడ పట్టేసింది. తల పైకెత్తకుండా చేసే పని ఏదైనా చాలనుకుని షెడ్డులోకి వచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆయన కింద ఆరుగురు గీకేవాళ్ళున్నారు. అందరికీ ఆయన మేస్త్రి. ఆయన తర్వాతివాడు రెండో మేస్త్రి.

షెడ్డులో ఒక అలవాటుంది. మోడల్ పూర్తయ్యాక, బయటికి పంపేముందు, మేస్త్రి దాని చుట్టూ ఒకసారి నడుస్తాడు. కుడి అరచేయి మట్టిని వదలకుండా, ముందు దీపం నుంచి వెనక దీపం దాకా, మళ్ళీ అటువైపు. దాన్ని చెయ్యి తిప్పడం అంటారు. అరచేతికి ఎక్కడైనా ఏదైనా తగిలితే అక్కడే ఆగి సరిచేస్తాడు. కారు వంపుల ఆకారానికి కోసిన అల్యూమినియం కొలతపలకలు పట్టుకోలేని ఎత్తుపల్లాలు ఆ చేతికి దొరికేవి. అందుకని చెయ్యి తిప్పాక ఎవరూ మళ్ళీ పలక పెట్టి చూడరు. చూస్తే ఆయన్ని అవమానించినట్టని మొదట ఎవరో అనుకున్నారు. తర్వాత అదే పద్ధతయింది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. భార్య కుట్టుమిషను ఆపింది. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది.

"గుండీతో ఏంటండీ గొడవ?"

"చిన్నదయింది."

"నేను కుట్టిన గుండీ. రాత్రికి రాత్రే చిన్నదవదు. చెయ్యి ఇలా ఇవ్వండి."

వేళ్ళ చివర్లు నొక్కింది. కళ్ళు మూసుకోమంది. మిషను మీదున్న ముక్కల్లోంచి ఒకటి ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

"ఇదేం గుడ్డ?"

"నూలు."

"ఇది?"

"నూలే."

"కళ్ళు తెరవండి."

రెండోది పట్టు. ఆమె ముక్కను మడిచి పక్కన పెట్టింది.

డాక్టరు షుగర్ అన్నాడు. నరాల చివర్లు చచ్చుబడ్డాయన్నాడు. జాగ్రత్తగా ఉంటే ఇంతటితో ఆగవచ్చు, పోయినవి మాత్రం తిరిగి రావు.

"షెడ్డులో చెప్పారా?" అని ఇంటికొచ్చాక భార్య అడిగింది.

"చెప్తే ఇంటికి పంపిస్తారు."

"ఇల్లంటే అంత భయమేంటి, నేనున్నాననా?"

ఆయన నవ్వాడు. షెడ్డులో చెప్పలేదు. మట్టి మీద బ్లేడు చేసే చప్పుడు వినడం నేర్చుకున్నాడు. ఒక కన్ను మూసి వెలుతురు చూడడం నేర్చుకున్నాడు. మణికట్టు లోపలి చర్మం ఇంకా బతికే ఉంది. ఎవరూ చూడనప్పుడు దాన్ని మట్టికి ఆనించేవాడు. అందరూ చూస్తున్నప్పుడు మాత్రం అరచెయ్యే తిప్పేవాడు. ఎప్పుడూ తిప్పినంత మెల్లగా తిప్పేవాడు.

నిరుడు ఒక అమ్మాయి ఉద్యోగానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. గాలి లెక్కలు కట్టే ఇంజినీరు. ఆ పనికి అంతకుముందు ఎవరూ లేరు. ఏడాది చూసి ఉంచాలో వద్దో చెప్తామన్నారు. షెడ్డులో అందరూ ఆమెను గాలి పిల్ల అన్నారు, మొదట చాటున, తర్వాత ఎదుటే. ఆమె పట్టించుకోలేదు. మేస్త్రిని బాబాయ్ అని పిలిచేది. ఎందుకో ఎవరికీ తెలియదు. మిగతా అందరినీ గారు అనేది.

ఒకరోజు టీ వేళకు వచ్చి అడిగింది.

"బాబాయ్, పోయే కారును ఆపేది ఏంటి?"

"ఎదురుగాలి."

"అందరూ అదే అంటారు. ముందు కొట్టేది కొంతే. వెనక లాగేది ఎక్కువ. కారు ముందుకెళ్ళి ఖాళీ చేసిన చోటు ఉంటుంది చూడండి, అందులోకి గాలి సరిగ్గా రాలేదు. అక్కడ ఒత్తిడి పడిపోతుంది. అదే కారును వెనక్కి పీలుస్తుంది."

"చొక్కా పట్టుకుని లాగినట్టు."

"అదే. నీటిబొట్టులాగ ముందు గుండ్రంగా, వెనక సన్నగా పొడుగ్గా ఉంటే ఆ లాగుడు తక్కువ. కానీ అంత తోకున్న కారును ఎక్కడ నిలబెడతాం? అందుకని సన్నబరుచుకుంటూ వచ్చి ఒకచోట కోసేయాలి. కోసిన అంచు కత్తిలా ఉండాలి."

"కత్తిలానా?" మేస్త్రి టీ కప్పు కింద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళుగా అంచు కనపడితే చాలు గుండ్రం చెయ్యమన్నారు నన్ను."

"ముందువైపు గుండ్రమే. వెనక కాదు."

ఆమె మందపాటి టీ కప్పులో నీళ్ళు నింపి నెమ్మదిగా వంచింది. నీళ్ళు కప్పు మూతిని వదల్లేదు. గుండ్రటి అంచు తిరిగి, కప్పు ఒంటి వెంట జారి, ఆమె మోచేతి దాకా వచ్చాయి. తర్వాత బ్లేడులు పెట్టుకునే రేకు డబ్బా ఖాళీ చేసి దాంతో పోసింది. కోసిన రేకు అంచు దగ్గర నీళ్ళు తెగి నేరుగా కింద పడ్డాయి.

"గుండ్రటి అంచు గాలిని వదిలిపెట్టదు. కొంత దూరం తనతో తిప్పుకుని, ఇష్టమొచ్చిన చోట వదులుతుంది. తిరిగిన గాలి కారును పట్టుకు లాగుతుంది. పదునైన అంచు ఇక్కడే అని చెప్పి వదిలేస్తుంది."

రెండో మేస్త్రి నేల వైపు చూశాడు. "నేను ఒలకబోస్తే తిట్లు. ఈవిడ ఒలకబోస్తే శాస్త్రం."

పెద్ద డిజైనర్‌కు ఆ అంచు నచ్చలేదు. కొత్త కారు ఆయన గీసిందే. దాని తోక గుండ్రంగా, సబ్బు అరిగినట్టు ఉంటుంది. "కారంటే బిస్కెట్టు కాదు, విరిచి పెట్టడానికి" అన్నాడు. ఆమె తన కాగితాలు చూపించింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి రెండు తోకలు చేయమన్నారు. ఒకే కారు, మరలతో బిగించి విప్పుకునే రెండు తోకలు. గాలి కొట్టి చూసే గాలి గదిలో ఏది తక్కువ లాగితే అది కారు. ఆమెను ఉంచుకునే సంగతి కూడా ఆ రోజే తేలుతుందని అందరికీ తెలుసు. ఏడాది అయిపోవస్తోంది. ఈ ఏడాదిలో ఆమె చేయించిన పరీక్ష ఇదొక్కటే.

ఆమె తోకను మేస్త్రి తొమ్మిది రోజులు చేశాడు. ఆయన ఎన్నడూ అంత పదునైన అంచు చేయలేదు. అంచు పక్క నుంచి పలక పెడితే సందులోంచి వెలుతురు రాలేదు. ఆమె వంగి అటునుంచీ ఇటునుంచీ చూసింది.

"దీన్ని చూస్తే తాకాలంటే భయమేస్తోంది బాబాయ్."

"తాకు. ఏం కాదు."

ఆమె చూపుడువేలితో ఒక్కసారి తాకింది.

గాలి గది వేరే ఊళ్ళో ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కో రోజు ఇస్తారు. పొడుగాటి గది, ఒక చివర మనిషికి మూడింతల ఎత్తు ఫ్యాను. మధ్యలో నేల మీద నాలుగు తూకపు పలకలున్నాయి. కారు చక్రాలు వాటి మీద నిలబడతాయి. గాలి కొట్టినప్పుడు కారు ఎంత వెనక్కి పోవాలనుకుంటోందో ఆ పలకలు చెప్తాయి. పక్క గదిలో అద్దం వెనక తెర మీద అంకె పడుతుంది.

పొద్దున గుండ్రటి తోకతో చూశారు. సున్నా పాయింటు రెండు ఆరు ఆరు. ఆమె లెక్క ప్రకారం తన తోకకు రెండు ఐదు ఎనిమిది రావాలి.

మధ్యాహ్నం తోక మార్చడానికి రెండోదాన్ని పెట్టెలోంచి తీశారు. లారీలో కట్టిన తాడు ఎక్కడో సడలి మళ్ళీ బిగిసినట్టుంది. పై అంచును పొడుగునా కొరికేసింది. అక్కడక్కడా గోరంత పళ్ళు పడ్డాయి.

మేస్త్రి చిన్న ఓవెన్ తెప్పించాడు. అంచును వెనక్కి గీకి, వేడి మట్టి అతికి, చల్లారుతుండగా బ్లేడుతో కోస్తూ వచ్చాడు. బ్లేడు చప్పుడు వినాలనుకున్నాడు. పక్కన ఫ్యాను మోటారు హోరు ఆగలేదు. గంట పట్టింది. ఇంకో గంటన్నరకు ఆ గదిని వేరేవాళ్ళకు అప్పగించాలి.

"కొలతపలక?" అని గాలి పిల్ల అడిగింది.

అది షెడ్డులో గోడకు వేలాడుతోంది. తోక అప్పటికే కొలిచిందని పలకను వెంట తేలేదు.

"మేస్త్రి వేళ్ళుండగా పలకెందుకమ్మా" అన్నాడు రెండో మేస్త్రి.

"అవును కదా. చెయ్యి తిప్పండి బాబాయ్. మీ చెయ్యి తిరగందే బండి కదలదంట."

మేస్త్రి చెయ్యి తిప్పాడు. అంచు మీద ఇటు చివర నుంచి అటు చివరకు, మళ్ళీ వెనక్కి. కొత్తగా అతికిన మట్టి ఇంకా లోపల వెచ్చగా ఉంది. అరచేతికి ఏమీ తెలియలేదు. రెండేళ్ళుగా ఏమీ తెలియడం లేదు కాబట్టి అది ఆయనకు కొత్తగా అనిపించలేదు. తల ఊపి పక్కకు జరిగాడు.

గాలి మొదలైంది. తెర మీద అంకెలు కాసేపు ఆడి నిలబడ్డాయి. రెండు ఆరు ఎనిమిది.

ఆమె మళ్ళీ కొట్టించమంది. రెండు ఆరు ఎనిమిది. పొగ గొట్టం తెప్పించి కారు పైనుంచి తెల్లటి పొగ వదిలింది. పొగ పైకప్పు మీద చక్కగా జారి వచ్చింది. అంచు దగ్గర తెగలేదు. కిందికి వంగి, తోక వెనక తిరిగి, ఊగింది. ఆమె అద్దానికి నుదురు ఆనించి చూస్తూ ఉండిపోయింది.

పెద్ద డిజైనర్ చెడ్డవాడు కాదు. ఆమె పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "గాలి చెప్పాక ఇంక నువ్వూ నేనూ చెప్పేదేముందమ్మా."

"నా లెక్కలో ఎక్కడో తప్పుంది సార్" అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆమె కాగితాల మీదే వంగి ఉంది. తప్పు కోసం వెతుకుతోంది. మేస్త్రి వెనక సీట్లో కూర్చుని ఆ పొగను తలుచుకుంటున్నాడు. కప్పు అంచు తిరిగిన నీళ్ళలా ఉంది అది.

మర్నాడు ఎవరూ రాకముందే షెడ్డుకు వెళ్ళాడు. గోడ మీది పలక తీసి తోక అంచుకు పెట్టాడు. కింద వెలుతురు కనిపించింది. పొడుగునా కనిపించింది. అంచు నాలుగు మిల్లీమీటర్లు గుండ్రబడింది. మధ్యలో ఐదు. ఆ గోధుమరంగు మట్టి మీద, ఆ గదిలోని వెలుతురులో, కంటికి అది ఆనే అవకాశం లేదు. చేతికి మాత్రమే ఆనాలి. ఆయన పలకను మళ్ళీ మేకుకు తగిలించాడు.

ఆ సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆమె దారం ఎక్కిస్తూ వింది.

"చెప్తే ఏమవుతుంది?"

"నన్ను మట్టి ముట్టుకోనివ్వరు."

"చెప్పకపోతే?"

"ఆ పిల్లని పంపించేస్తారు."

ఆమె దారం కొరికింది. "నన్నెందుకు అడుగుతున్నారు మరి."

"అడగడం లేదు. చెప్తున్నా."

"సరే. విన్నాను."

రేపు చెప్తాననుకున్నాడు. మర్నాడు పెద్ద డిజైనర్ ఊళ్ళో లేడు. ఆ మర్నాడు ఉన్నాడు, చుట్టూ మనుషులున్నారు. ఆదివారం వచ్చింది. గాలి పిల్ల రెండుసార్లు షెడ్డులోకి వచ్చి, తన తోక ముందు నిలబడి వెళ్ళింది. దూరం నుంచి చూస్తే అంచు బాగానే ఉంది. పలక పెట్టాలని ఆమెకు తట్టలేదు. ఆయన చెయ్యి తిరిగిన మట్టి అది.

ఎనిమిదో రోజు తోకను గీకేసి మట్టి ఓవెన్లో వేయమని చీటీ వచ్చింది. గుండ్రటి తోక ఖాయమైంది, రెండోదాని చోటు కావాలి. చీటీ మేస్త్రి పేర వచ్చింది. రెండో మేస్త్రి నేను చేస్తానన్నాడు. వద్దన్నాడు ఆయన. వెడల్పు బ్లేడు తీసుకుని అంచు దగ్గరే మొదలుపెట్టాడు. మట్టి రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ కింద పడింది. తొమ్మిది రోజులు చేసింది మధ్యాహ్నం భోజనాల వేళకు నురగ దిమ్మె అయింది. గీకుతున్నంతసేపూ, ఇది ఉన్నంతవరకే నా మాటకు రుజువు ఉంటుందని ఆయనకు తెలుసు. చెయ్యి ఆపలేదు. ఎందుకు ఆపలేదని తర్వాత భార్య అడిగింది. చీటీ వచ్చిందన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఇంకోసారి అడగలేదు.

పన్నెండో రోజు గాలి పిల్ల గది తలుపు తట్టాడు. బల్ల మీద సొరుగులు బోర్లించి ఉన్నాయి. అట్టపెట్టెలో కాగితాలు సర్దుతోంది.

"రండి బాబాయ్. కూర్చోండి. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, జాగ్రత్త."

ఆయన కూర్చోలేదు. "నీ లెక్క తప్పు కాదమ్మా."

ఆమె తలెత్తింది.

"అంచు గుండ్రబడింది. నా చెయ్యి తిప్పడంలో. నాలుగు మిల్లీమీటర్లు. మధ్యలో ఐదు. నా వేళ్ళకు స్పర్శ లేదు. రెండేళ్ళయింది."

ఆమె ఒక కాగితం తీసుకుంది. పెన్సిలు కోసం అటూ ఇటూ చూసింది, అట్టపెట్టెలోంచి తీసింది. ఒక వక్రరేఖ గీసి, పక్కన అంకెలు వేసి, కూడింది. ఒకసారి కొట్టేసి మళ్ళీ కూడింది.

"పది కౌంట్లు" అంది. "రెండు ఐదు ఎనిమిదికి పది కలిపితే రెండు ఆరు ఎనిమిది. సరిగ్గా సరిపోయింది." ఒక్క క్షణం ఆమె ముఖం తేటపడింది. లెక్క తేలిన ముఖం. తర్వాత లేచింది. "తోక ఎక్కడుంది? పలక పెట్టి చూపిద్దాం. రండి, ఇప్పుడే వెళ్దాం."

"గీకేశాం."

"ఎవరు?"

"నేనే."

ఆమె లేచిన చోటే నిలబడింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడే."

కిటికీ అవతల ఎవరో బండి వెనక్కి తీస్తున్నారు. ఆమె పెన్సిలును మళ్ళీ అట్టపెట్టెలో పెట్టింది.

"సరే మేస్త్రి గారూ" అంది.

ఇద్దరూ పెద్ద డిజైనర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విని మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ అమ్మాయి మంచిదే. కాదన్నానా? కానీ ఆమె కోసం నీ చెయ్యి చెడిందని చెప్పకు. ఆ చెయ్యి సంగతి నాకు తెలీదా?"

"చెడింది సార్."

"వదిలెయ్యవయ్యా."

మేస్త్రి బల్ల మీద నుంచి ఒక పల్చటి కాగితం, ఒక విజిటింగ్ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపాడు. ఏది పెడితే అది చెప్తానన్నాడు. ఆయన నవ్వుతూనే ఒకటి పెట్టాడు.

"కార్డు" అన్నాడు మేస్త్రి.

జవాబు రాలేదు.

"కాగితం" అన్నాడు.

కళ్ళు తెరిచాడు. అరచేతిలో ఏమీ లేదు. పెద్ద డిజైనర్ మొదట పెట్టింది వెంటనే తీసేశాడు. కాగితమూ కార్డూ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. నవ్వు ముఖం మీద ఎటూ పోలేక నిలబడిపోయింది. గాలి పిల్ల గోడ వైపు చూస్తోంది.

"గుండ్రటి తోకను రేకు అచ్చులు చేయడానికి పంపించేశాంరా" అన్నాడు ఆయన చివరికి. ముప్ఫై ఏళ్ళలో మేస్త్రిని రా అనడం అదే మొదటిసారి, అందులో కోపం లేదు. "పోయిన వారమే. నాలుగు రోజుల ముందు చెప్పినా ఏదో ఒకటి చేసేవాణ్ణి."

గాలి గది మళ్ళీ దొరకడానికి అయిదు నెలలు పడుతుంది. ఆమెకు మిగిలినవి అయిదు రోజులు. ఆమె లెక్క సరైనదని పెద్ద డిజైనర్ పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. అంకె ఉన్న కాగితం అడిగారు వాళ్ళు. ఉన్న కాగితం మీద రెండు ఆరు ఎనిమిది అని ఉంది.

శుక్రవారం ఆమె అట్టపెట్టె మోసుకుని షెడ్డు మీదుగా వెళ్ళింది. అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది. మేస్త్రికి కూడా, అందరికీ చెప్పినట్టే చెప్పింది.

మేస్త్రిని ఇంటికి పంపలేదు. ఓవెన్ దగ్గర వేశారు. మట్టి దిమ్మెలు లోపల పెట్టడం, వేడి ముల్లు చూసి తీయడం, అడిగినవాళ్ళకు ఇవ్వడం. చేతికి తోలు తొడుగులు ఇచ్చారు. రెండో మేస్త్రిని ఇప్పుడు మేస్త్రి అంటున్నారు. చివర్లో చెయ్యి తిప్పేది అతనే. ఆ తర్వాత ఇప్పటికీ ఎవరూ పలక పెట్టరు. పెట్టమని ఈయన ఒకసారి చెప్పాడు. "పెడదాం పెడదాం" అన్నారు.

మరుసటి ఏడు ఇంకో కారు మొదలైంది. కొత్త ఇంజినీరు ఒకడు వచ్చాడు, కళ్ళద్దాల మనిషి. అతను మట్టి తోక ముందు చాలాసేపు నిలబడి, వేలితో గాలిలో ఒక గీత గీశాడు.

"ఈ అంచు పదునుగా కోస్తే లాగుడు తగ్గదంటారా?"

"అది చూసేశాం సార్" అన్నాడు కొత్త మేస్త్రి, మట్టి అతుకుతూనే. "పోయిన కారుకే చేశాం. గాలి గదిలో పెట్టాం. ఎక్కువే లాగింది."

"అవునా. అంకె ఉందా?"

"కాగితం ఉంది సార్, ఆఫీసులో."

కళ్ళద్దాల మనిషి జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక ముక్క రాసుకున్నాడు.

"అంచు పదునుగా లేదు" అన్నాడు ఓవెన్ దగ్గర నుంచి ఆయన. "మేము పెట్టింది పదునైన అంచు కాదు. నా చేతిలో గుండ్రమైపోయింది."

ఓవెన్ ఫ్యాను తిరుగుతోంది. కళ్ళద్దాల మనిషి ఇటు తిరిగాడు. తోలు తొడుగులు వేసుకున్న ఒక ముసలాయన ఏదో అన్నాడని తెలిసింది.

"ఏంటి పెద్దాయనా?"

ఆయన మళ్ళీ చెప్పాడు. మొదటి మాట నుంచి చెప్పాడు. నాలుగు మిల్లీమీటర్లని, మధ్యలో అయిదని చెప్పాడు. అతను మర్యాదగా విన్నాడు. మధ్యలో ఒకసారి కొత్త మేస్త్రి వైపు చూశాడు. కొత్త మేస్త్రి కనుబొమలు ఎగరేసి, తల కొంచెం అడ్డంగా ఊపాడు.

"అలాగే పెద్దాయనా" అన్నాడు కళ్ళద్దాల మనిషి. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో రెండు దిమ్మెలు వెయ్యండి. తోక వైపు మట్టి చాలడం లేదు."

ఆయన ఓవెన్ తలుపు తీశాడు.